బందరు బ్యాంకు, నాగపూర్ రాజభవన్
(విజయవాడలో చేసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాస పాఠం)



పట్టాభి సీతారామయ్యగారి పేరు చెబితే మన జిల్లాల్లో వెంటనే వచ్చే మాట ఆంధ్రా బ్యాంకు. జిల్లాలు దాటితే వినిపించేది వేరు: 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాస్ చంద్రబోసు మీద పోటీచేసి ఓడినాయన. పాఠ్యపుస్తకాల్లో ఆ ఓటమి ఒక్కటే మిగిలింది. ఆయన అయిదేళ్లు ఒక రాష్ట్రానికి గవర్నరుగా ఉన్నారన్న సంగతి ఈ రెంటి మధ్య మరుగున పడింది. పెద్దవయసులో పెద్దమనిషికి దక్కిన మర్యాదగా, జీవిత సంగ్రహాల్లో చివరి వాక్యంగా రాసి వదిలేస్తారు. నేను ఇవాళ ఆ చివరి వాక్యం గురించే ఎక్కువ మాట్లాడదలిచాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం మీ ఇష్టం: ఆ పదవి పట్టాభిగారికి సన్మానమే. అయితే ఆయన చేతిలోని పనినీ నోట్లోని మాటనీ తీసేసుకున్న సన్మానం.

ముందు బ్యాంకు సంగతి చూద్దాం.

బ్యాంకు నడపడమంటే ఈ దేశంలో చాలాకాలం తెల్లదొరల వ్యవహారం. అందులోనూ స్కాట్లాండు వాళ్లది పైచేయి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు పథకం వేసిన విలియం పాటర్సన్ స్కాట్లాండు మనిషే. 1860లో మనకు మొదటి బడ్జెట్టు పెట్టి, ఆదాయపు పన్ను వేసిన జేమ్స్ విల్సన్‌ది కూడా ఆ దేశమే, హావిక్ అనే ఊరు. చార్టర్డ్ బ్యాంకు పెట్టింది ఆయనే. కలకత్తా వచ్చి ఏడాది తిరక్కుండానే పోయాడు పాపం. ఆయన వేసిన పన్ను మాత్రం మధ్యలో కొన్నాళ్లు ఆగినా మనల్ని వదల్లేదు. మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూడా స్కాట్లాండు మూలాలున్న కుటుంబానిదే. 1906 అక్టోబరు 22న ఆ కంపెనీ తలుపులు మూసింది. దొర పేరు చూసి డబ్బు దాచుకున్న వేలమంది నెత్తిన గుడ్డ వేసుకున్నారు. సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్న మద్రాసులోనే, వి. కృష్ణస్వామి అయ్యర్ పూనికతో, మరుసటేడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. దొరల చేతిలో ఉంటే డబ్బు భద్రమన్న నమ్మకం దక్షిణాదిలో సడలిన కాలం అది. అప్పటికి పట్టాభికి పాతికేళ్లు.

ఏలూరు దగ్గర గుండుగొలనులో 1880 నవంబరు 24న పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. బందరు నోబుల్ కళాశాల, మద్రాసు క్రిస్టియన్ కళాశాల, ఆపైన వైద్య కళాశాల; పట్టా చేతికి రాగానే బందరు వచ్చి ప్రాక్టీసు పెట్టారు. హస్తవాసి మంచిది, రాబడీ మంచిదే. పదేళ్ల తర్వాత దాన్ని వదిలేశారు. అప్పటి బందరులో ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక ఉంది, కోపల్లె హనుమంతరావుగారు ప్రాణంపెట్టి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఉంది. 1910లో ఆ కళాశాల పెట్టిన ముగ్గురిలో మూడోవారు పట్టాభి. వాళ్లలో జమాఖర్చు తెలిసినవారు ఆయనే అని నా నమ్మకం. తర్వాత ఆయన పెట్టిన సంస్థల వరస చూస్తే ఆ నమ్మకం గట్టిపడుతుంది.

డెల్టాలో డబ్బు ఎలా నడిచేదో తెలియకపోతే ఆ సంస్థలు ఎందుకు పుట్టాయో అర్థం కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద మాగాణి పెరిగింది, వడ్లు పెరిగాయి. డబ్బు మాత్రం సంవత్సరంలో ఒక్కసారే కళ్లపడేది. కుప్ప నూర్చి, సంక్రాంతి చుట్టుపక్కల ధాన్యం అమ్ముకుంటే చేతికొచ్చేది. వేసవిలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోయేది. తొలకరి వచ్చి నారు పోసే వేళకు ఇల్లు ఖాళీ. నాట్లు వేయాలంటే కూలి ఇవ్వాలి, ఎద్దు పోతే ఇంకో ఎద్దు కొనాలి. అప్పుడు ప్రోనోటు రాసి షావుకారు దగ్గరికో పెద్ద రైతు దగ్గరికో వెళ్లాలి. వడ్డీ వాళ్లు చెప్పిందే. పంట వచ్చాక అదే షావుకారు, తన బాకీ కింద, తాను చెప్పిన ధరకు వడ్లు కొలిపించుకునేవాడు. ఒక పక్క అప్పుకి ఇంత గిరాకీ, మరో పక్క ధాన్యం వ్యాపారంలో మిగిలిన రొక్కం, వకీళ్ల ఫీజులు, ఉద్యోగుల జీతాల్లో మిగిలింది, ఆడవాళ్ల చేతిలోని స్త్రీధనం ఇనప్పెట్టెల్లో పడి నిద్రపోతుండేవి. ఈ రెంటినీ కలిపే వంతెన లేదు. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకుల్ని కలిపి ఇంపీరియల్ బ్యాంకు చేశారు. దాని చూపు సర్కారు ఖజానా మీద, ఎగుమతి కంపెనీల మీద. పెడనలోనో గుడివాడలోనో ఉన్న మనిషి అవసరం దానికి కనిపించదు.

అదే 1921లో, మార్చి ఆఖర్లో, ఇదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైంది. జెండా కథ అందరికీ తెలుసు. పింగళి వెంకయ్యగారిదీ మన భట్లపెనుమర్రే. అక్కడ చేసిన ఇంకో తీర్మానాన్ని మనం అంతగా తలుచుకోం: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలని. పోగైంది కూడా. సామాన్యుడి దగ్గర డబ్బుందనీ, నమ్మకం కుదిరితే ఇస్తాడనీ ఆ కోటి రూపాయలు రుజువు చేశాయి. రెండేళ్లకే బందరులో ఆంధ్రా బ్యాంకు వచ్చింది. ఈ రెంటికీ సంబంధం ఉందని చూపించే కాగితం నా దగ్గర లేదు. కాలం మాత్రం పక్కపక్కనే ఉంది.

1923 నవంబరు 20న బ్యాంకు రిజిస్టరయింది. 28న వ్యాపారం మొదలు. అధీకృత మూలధనం 10 లక్షలు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. రెండేళ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వెనకా ఆయనే ఉన్నారు. పైకి చూస్తే ఒకే మనిషికి ఇన్ని దుకాణాలెందుకు అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే, ఒక్కోటి ఒక్కో రకం అప్పుకు మందు. నాట్ల ఖర్చుకి ఆరేడు నెలల అప్పు కావాలి, అది సహకార బ్యాంకు పని. పాత బాకీలన్నీ ఒక్కసారి తీర్చేసి పొలం విడిపించుకోవాలంటే ఏళ్లతరబడి తీర్చే అప్పు కావాలి, అది తనఖా బ్యాంకుది. మిల్లరుకీ వర్తకుడికీ రోజువారీ చేబదులు కావాలి, అది వాణిజ్య బ్యాంకుది. ఇంటి యజమాని హఠాత్తుగా పోతే ఆ సంసారం షావుకారు చేతిలో పడకుండా కాసేది బీమా. అన్ని జబ్బులకీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యం కాదిది. ఆయన డాక్టరన్న సంగతి నాకు ఇక్కడే బాగా గుర్తొస్తుంది.

కాలం కూడా సానుకూలంగా లేదు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. వడ్ల ధర పడిపోయింది, బాకీ మాత్రం పడిపోలేదు. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల అప్పు తగ్గిస్తూ చట్టం చేసింది. రైతుకి ఊపిరి, అప్పిచ్చినవాడికి గుండెదడ. అదే ఏడు ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కుప్పకూలి, దక్షిణాది బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. బందరు బ్యాంకు వీటన్నిటినీ తట్టుకుంది. ఇక స్థాపకుడంటారా, 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలు, 1932లో మళ్లీ జైలు, 1942 నుంచి దాదాపు మూడేళ్లు అహ్మద్‌నగర్ కోట. నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు ఆ కోటలో ఉన్నవారిలో తెలుగువాడు ఈయనొక్కడే. ఆయన అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ బ్యాంకు తెరుచుకుంది, మూసుకుంది, లెక్కలు సరిపోయాయి. పట్టాభి సాధించినదాంట్లో నేను అన్నిటికంటే గొప్పగా ఎంచేది ఇదే. తాను లేకపోయినా నడిచే సంస్థను కట్టడం మన నాయకుల్లో బహు కొద్దిమందికి చేతనైన విద్య.

రాజకీయంలో ఇంత సాఫీగా సాగలేదు. 1939 ఎన్నికలో బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. ఆ ఓటమి ఆయనదానికంటే తనదే ఎక్కువని గాంధీగారు ప్రకటించారు. ఆ ప్రకటన బోసును ఇరుకున పెట్టింది సరే. పట్టాభిని సొంత ఓటమికి కూడా హక్కు లేనివాణ్ణి చేసింది. 203 ఓట్ల తేడాతో, బోసంతటి వాడి మీద, చివరి క్షణంలో నిలబెట్టిన అభ్యర్థి తెచ్చుకున్న ఓట్లవి! తీసిపారెయ్యదగ్గ లెక్క కాదు. ఆ కాంగ్రెసు జరిగిన త్రిపురి జబల్‌పూర్ పక్కనే. పదమూడేళ్ల తర్వాత ఆయన గవర్నరుగా వెళ్లిన రాష్ట్రంలోనే ఉందా ఊరు.

1948లో పురుషోత్తమదాస్ టాండన్ మీద గెలిచి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. జైపూర్ కాంగ్రెసు ఆయన అధ్యక్షతనే జరిగింది. అక్కడే జె.వి.పి. సంఘం ఏర్పడింది: జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి. 1949 ఏప్రిల్‌లో బయటికొచ్చిన వాళ్ల నివేదిక భాషారాష్ట్రాల్ని వాయిదా వెయ్యమంది, ఆంధ్రకు మాత్రం దారి వదిలింది. షరతు ఒక్కటే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి. 1916 నుంచీ ఆంధ్ర రాష్ట్రం కోసం కాంగ్రెసు వేదికల మీద వాదించిన మనిషి ఆ కాగితం కింద సంతకం పెట్టడం తెలుగువాళ్లకు మింగుడుపడలేదు. మద్రాసు రాదన్న ఆయన లెక్క సరైనదేనని తర్వాత తేలింది. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన జనం క్షమించరు. ఆ సంతకానికి ముందు ఊళ్లూళ్లూ తిరిగి మన జనానికి సంగతి చెప్పి ఒప్పించి ఉండాల్సిందని నా మట్టుకు నేను అనుకుంటాను. ఆ తప్పు ఆయనదే.

ఇక 1952. కొన్ని నెలలు రాజ్యసభ, జూలైలో మధ్యప్రదేశ్ గవర్నరు. రాజధాని అప్పుడు నాగపూర్, వేసవికి పచ్‌మఢీ. జీతం నెలకు 5,500 రూపాయలని రాజ్యాంగం రెండో షెడ్యూలులోనే రాసి ఉంది. సరదాకి లెక్క కట్టాను: పద్దెనిమిది నెలల జీతం కలిపితే 99 వేలు, లక్ష రూపాయలతో ఆయన బందరులో ఏం చేశారో విన్నారు. రాజభవన్లో ఏం చేయొచ్చో 163వ అధికరణం చెబుతుంది. మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి. శాసనసభ మొదలైనప్పుడు ప్రసంగించాలి, ఆ ప్రసంగం మంత్రులు రాసిస్తారు. బిల్లులకు సంతకం పెట్టాలి, స్నాతకోత్సవాలకు వెళ్లాలి. ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా, పట్టాభి కంటే మూడేళ్లు పెద్ద, 1946 నుంచీ ఆ కుర్చీలో పాతుకుపోయిన మనిషి. ఆయనకు గవర్నరు సలహాతో పనేముంటుంది? ఈ రాజ్యాంగం రాసిన సభలో పట్టాభి కూడా సభ్యుడే. ప్రజలెన్నుకున్న ముఖ్యమంత్రికి ఎన్నికైన గవర్నరు పోటీ అవుతాడనే, చాలా చర్చ తర్వాత, నియమించే గవర్నరు చాలన్నారు. ఆ తర్కంలో తప్పు లేదు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారన్నదే ప్రశ్న.

ఆయన నాగపూర్ చేరి నాలుగు నెలలు కాకముందే, 1952 అక్టోబరు 19న, మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న కన్నుమూశారు. బెజవాడ నుంచి నెల్లూరు దాకా రైలుకట్ట పొడుగునా మంటలు. ఈ రాష్ట్రం కోసం ముప్ఫై ఆరేళ్లుగా మాట్లాడిన మనిషి ఆ రెండు నెలలూ మరో రాష్ట్రంలో రాజ్యాంగ పదవిలో ఉన్నారు, రాజకీయం మాట్లాడకూడని పదవిలో. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. ముఖ్యమంత్రి ప్రకాశం. చిరకాల ప్రత్యర్థి పీఠమెక్కాడు. పట్టాభి నాగపూర్‌లో ఉన్నారు.

గవర్నరు పదవి అంటే రాజకీయ జీవితం ముగిసినట్టేనా? అందరికీ కాదు. రాజాజీ గవర్నరు జనరల్‌గా చేసి, డెబ్భై మూడో ఏట మద్రాసు ముఖ్యమంత్రిగా తిరిగొచ్చారు. కైలాస్‌నాథ్ కట్జూ ఒరిస్సాలో, పశ్చిమ బెంగాల్లో గవర్నరుగా చేసి కేంద్రమంత్రి అయ్యారు. పట్టాభికి తిరుగుదారి లేదు. ఆయన వెనక ఆంధ్రలో ఒక వర్గం ఉండేది గానీ జనసందోహం ఎప్పుడూ లేదు; ఓట్లడిగి బతికిన నాయకుడు కాదాయన, కమిటీల్లో బతికినాయన. ఢిల్లీ వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆ అయిదేళ్లలో ఒక్క ఏడాది మాత్రం కథ మళ్లీ రక్తి కడుతుంది. 1956 జనవరిలో కేంద్రం జీవిత బీమాను తన చేతిలోకి తీసుకుంది. సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. వచ్చింది. బందరులో ఆయన పెట్టిన కంపెనీల జీవిత బీమా వ్యాపారం దాంట్లో కలిసిపోయింది. ఆయన ఆ ప్రభుత్వం నియమించిన గవర్నరే. ఇక నవంబరు 1. భాషల ప్రకారం రాష్ట్రాలు విడిపోయిన రోజు. ఆయన ఏలుబడిలో ఉన్న పాత మధ్యప్రదేశ్‌లోంచి ఎనిమిది మరాఠీ జిల్లాలు బొంబాయికి పోయాయి. విదర్భను విడిగా ఉంచమన్న రాష్ట్రాల పునర్విభజన సంఘం, అంటే ఫజల్ అలీ సంఘం, మాట చెల్లలేదు. నాగపూర్ రాజధాని హోదా పోయింది. మధ్యభారత్, వింధ్యప్రదేశ్, భోపాల్ వచ్చి కలిశాయి. గవర్నరుగారు మూటాముల్లె సర్దుకుని భోపాల్ వెళ్లి, కొత్త రాష్ట్రానికి మొదటి గవర్నరుగా ప్రమాణం చేసి, శుక్లాతో ప్రమాణం చేయించారు. అదే రోజు హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పుట్టింది. భాషారాష్ట్రాల వాదానికి ఆద్యుల్లో ఒకరైన మనిషి, తన సొంత భాషా రాష్ట్రం పుట్టిన రోజున, ఇంకొకరి రాష్ట్రాన్ని పంచిపెట్టే పెద్దగా నిలబడ్డారు. ఆ పంపకంలో ప్రాణహిత గట్టునున్న సిరొంచ తెలుగువాళ్లు బొంబాయి లెక్కలోకి పోయారు, బస్తరు చివర భోపాలపట్నం, కుంట తెలుగువాళ్లు మధ్యప్రదేశ్‌లో ఉండిపోయారు. ఏ గీత గీసినా అవతల మనవాళ్లు కొందరు మిగులుతారని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు! అయినా ఆ కుర్చీలోంచి ఒక్క మాట అనడానికి వీల్లేదు.

కొత్త రాష్ట్రం పుట్టిన రెండు నెలలకే, డిసెంబరు 31న, శుక్లా చనిపోయారు. గవర్నరు విచక్షణకు కాస్తయినా చోటుండేది అలాంటప్పుడే. భగవంత్‌రావ్ మండ్లోయ్ తాత్కాలికంగా, తర్వాత కట్జూ వచ్చారు. ఎవరు రావాలో పార్టీ తేల్చింది; పట్టాభి ప్రమాణం చేయించారు. 1957 జూన్‌లో ఆయన పదవి ముగిసింది. అప్పటికి ప్రకాశంగారు పోయి నెల కూడా కాలేదు. హైదరాబాదు వచ్చి స్థిరపడి, 1959 డిసెంబరు 17న పట్టాభి కన్నుమూశారు.

కొందరు మిత్రులు అంటారు, డెబ్భై దాటిన మనిషికి విశ్రాంతి ఇచ్చారు, అందులో తప్పేముందని. విశ్రాంతి ఇవ్వాలనుకుంటే బందరు పంపొచ్చు. 1950ల్లో ఈ దేశం గ్రామీణ పరపతి మీద కమిటీల మీద కమిటీలు వేసింది. పల్లెకు బ్యాంకు ఎలా తీసుకెళ్లాలో, రైతు పాత బాకీ ఎలా తీర్చాలో ముప్ఫై ఏళ్లుగా చేసి చూపించిన మనిషి ఆ రోజుల్లో నాగపూర్‌లో రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. ఆయన్ని పోటీ నుంచి తప్పించాలనుకున్న రాజకీయం ఆయన పనితనాన్ని కూడా తప్పించింది. నష్టం ఆయనకంటే మనకే ఎక్కువ.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. మరుసటేడే క్రెడిట్ కార్డు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, బోర్డులు మారిపోయాయి. ఆ యూనియన్ బ్యాంకు బొంబాయి కార్యాలయాన్ని 1921లో ప్రారంభించింది గాంధీగారు. పట్టాభి ఓటమిని తనదని చెప్పుకున్నవారు ప్రారంభించిన బ్యాంకులోనే పట్టాభి బ్యాంకు కలిసింది; చరిత్రకి కొంచెం కొంటెతనం ఉంది.

పేరు పోయినందుకు ఏడవమని నేను చెప్పను. బ్యాంకులు కలుస్తాయి, విడిపోతాయి. నేను అడిగేది ఒక్కటే. ఆంధ్రా బ్యాంకు, భారతలక్ష్మీ బ్యాంకు, ఆంధ్రా ఇన్సూరెన్సు, వడ్లమన్నాడు తనఖా బ్యాంకు, వీటి తొలినాళ్ల వాటాదార్ల పట్టికలు, డైరెక్టర్ల సమావేశాల మినిట్సు, చిట్టాలు ఎక్కడెక్కడ ఉన్నా ఒకచోట చేర్చి, బందరులో చదువుకునేవాళ్లకు అందేలా పెట్టాలి. ఈ పని యూనియన్ బ్యాంకు, రాష్ట్ర ప్రాచీన పత్రాల శాఖ కలిసి చెయ్యొచ్చు. మన వంతు కూడా ఒకటుంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో తాతల నాటి ట్రంకు పెట్టెలున్నాయి. వాటిలో పాత పాసుబుక్కో, షేరు సర్టిఫికెట్టో, బీమా పాలసీయో, బాకీ తీరిన ప్రోనోటో కనిపిస్తే చిత్తుకాగితాల వాడికి వెయ్యకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.